ఎస్‌టీ5కి 58 పౌండ్లు తక్కువ: ఇనప ప్లేట్లు బిగించనా, హెచ్‌పీ తగ్గించనా?

ఫ్రిస్కో_ఎం3:

అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. మూడేళ్లుగా ట్రాక్ డేలు చేస్తున్నా, ఈ ఏడాది మొదటిసారి నాసా క్లబ్ రేసింగ్‌లో దిగుతున్నా. (రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. మా అమ్మకి ఫోన్లో ఈ తేడా విడమరిచి చెప్పేలోపే ఆవిడ మా అబ్బాయి నాసాలో చేరాడని సగం వీధికి చెప్పేసింది.)

కారు 1997 బీఎండబ్ల్యూ ఎం3, ఈ36 బాడీ, 3.2 లీటర్ ఇంజిను. లోపలున్న సీట్లు, కార్పెట్, ఏసీ అన్నీ పీకేసి రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఇనప గొట్టాల చట్రం) వేయించాను. డైనో (ఎంత హార్స్‌పవర్ వస్తోందో కొలిచే మిషను) మీద పీక్ 211 హెచ్‌పీ వచ్చింది, నాసా వాళ్ల సగటు లెక్కలో వేస్తే 206. షాపులో కాటా మీద నేను హెల్మెట్, సూట్‌తో సహా కూర్చుంటే 2826 పౌండ్లు, ట్యాంకులో పెట్రోలు పావు వంతు. నేను దిగాలనుకుంటున్నది ఎస్‌టీ5 అనే తరగతి, అందులో ఒక్కో హెచ్‌పీకి కారు కనీసం ఇన్ని పౌండ్లు ఉండాలని ఒక నిష్పత్తి. టైర్లకీ వింగుకీ కలిపే, తీసే పాయింట్లు అన్నీ వేసి చూస్తే నాకు ఆ నిష్పత్తి సరిగ్గా 14 దగ్గరే ఆగింది. 206ని 14తో గుణిస్తే 2884. అంటే 58 పౌండ్లు తక్కువున్నా.

పోనీ పై తరగతి ఎస్‌టీ4కి పోదామా అంటే అక్కడ నిష్పత్తి 12. నా 2826కి 235 హెచ్‌పీ దాకా వాడుకోవచ్చు, నా దగ్గరున్నది 206. ముప్పై గుర్రాలు తక్కువ పెట్టుకుని అక్కడికెళ్తే వెనకాల దుమ్ము తినడమే.

నా బాధ ఏంటంటే, ఫ్లోర్ మీద తారు పొర ఉంటుంది కదా, చప్పుడు రాకుండా వేసేది, దాన్ని డ్రై ఐస్ పోసి గడ్డకట్టించి, గ్యారేజ్‌లో మోకాళ్ల మీద కూర్చుని రబ్బరు సుత్తితో కొట్టి కొట్టి రెండు శనివారాల్లో 16 పౌండ్లు తీశాను. పక్కింటాయన వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే బరువు తగ్గిస్తున్నా అని గర్వంగా చెప్పా. ఇప్పుడు అదే చోట 58 పౌండ్ల ఇనుము బిగించమంటే ఏడుపొస్తోంది. ఇంకో డౌటు: స్పెక్ మియాటా (అందరూ మాజ్డా మియాటాలే నడిపే తరగతి) వాళ్లకి రూల్ బుక్‌లో మోడల్ పక్కనే బరువు రాసి ఉంది, నా కారుకి అలా ఎక్కడా లేదు, ఎందుకని? మే నెలలో ఇక్కడి క్రెసన్ ట్రాక్‌లో మొదటి రేసు. తెలిసినవాళ్లు చెప్పండి.

క్రెసన్_సుబ్బు:

బ్రదర్, ఆ 58ని ఊరికే చూడకు, 14తో భాగించి చూడు. నాలుగు గుర్రాలు. అంతే. 2826ని 14తో భాగిస్తే 201.8 వస్తుంది, కాబట్టి నీ సగటు 201 దగ్గర ఆపితే ఒక్క బోల్టు కూడా కొట్టకుండా ఎస్‌టీ5లో కూర్చోవచ్చు. నేనైతే కళ్లు మూసుకుని అదే చేస్తాను, ఎందుకంటే ఇనుము బిగిస్తే స్ట్రెయిట్‌లో నిష్పత్తి సరిపోతుందేమో గానీ బ్రేకులకీ టైర్లకీ ఆ నిష్పత్తితో పని లేదు, వాటికి బరువు బరువే. ఆగస్టులో టెక్సస్ ఎండలో ముందు ఎడమ టైరు పదో లాప్‌కే జారడం మొదలెట్టినప్పుడు నీకు ఆ 58 పౌండ్లు గుర్తొస్తాయి.

ఒక్క చిక్కుంది చూసుకో. వాళ్లు తీసుకునేది పీక్ ఒక్కటే కాదు, దాని చుట్టుపక్కల ఆర్‌పీఎంల దగ్గరున్న అంకెలు కూడా కలిపి సగటు తీస్తారు. థ్రాటిల్ (ఇంజినుకి గాలి వదిలే తలుపు) పూర్తిగా తెరుచుకోకుండా బిగించి పవర్ గ్రాఫ్ నెత్తి కోసేస్తే అది పైన చదునుగా అవుతుంది, పీక్ ఐదారు తగ్గినా సగటు అంత తగ్గదు. అందుకని పీక్ 211 కాస్తా 206కి తెచ్చాను, పనైపోయింది అనుకోకు. ట్యూన్ చేయించాక డైనో మీద మళ్లీ మూడు సార్లు లాగించి, అన్నిట్లోకీ ఎక్కువొచ్చిన కాగితం పెట్టుకుని లెక్క వెయ్యి. నీకు నచ్చిన కాగితం కాదు.

మియాటా_మావ:

మళ్లీ ట్యూన్, మళ్లీ డైనో, దగ్గర దగ్గర ఒక సెట్టు టైర్ల డబ్బు. ఇనప ప్లేట్లు మూడు, బోల్టులు, ఒక సాయంత్రం. సుబ్బు ఎప్పుడూ ఇంతే, నాలుగు గుర్రాలే కదా అంటాడు గానీ ఆ నాలుగు తియ్యడానికయ్యే ఖర్చు చెప్పడు :)

పెద్దన్న_వర్జీనియా:

రూల్ బుక్‌లో బరువు ఎందుకు లేదని అడిగావు కదా తమ్ముడూ, దానికి ఎవరూ జవాబివ్వలేదు, నేను చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ఔత్సాహిక రేసుల్లో కార్లని ఒక గాటన కట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది పాతది, ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్లది. వాళ్లు 1944 నుంచీ ఉన్నారు, కాబట్టి వాళ్ల పుస్తకం కూడా తాతల నాటి దస్తావేజులా ఉంటుంది. అందులో ప్రతి మోడల్‌కీ ఒక గీత, ఆ గీతలో ఇంజిను కొలత, చక్రం వెడల్పు, కనీస బరువు. ఆ బరువు ఎవరో గాల్లోంచి తీసింది కాదు. ఇంప్రూవ్డ్ టూరింగ్ అనే తరగతుల్లో నేను చాలా ఏళ్లు నడిపాను కాబట్టి దాని లెక్క చెప్తా. కంపెనీ చెప్పిన హార్స్‌పవర్ తీసుకుంటారు, రేసుకి తయారు చేస్తే పాతిక శాతం పెరుగుతుందని మామూలుగా అనుకుంటారు, వచ్చినదాన్ని తరగతి గుణకంతో గుణిస్తారు. ఆ తరగతుల్లో ఐటీఏ అనేదానికి అది 14.5, ఐటీఎస్‌కి 12.9. ఉదాహరణకి 130 హెచ్‌పీ కారనుకో, పాతిక శాతం కలిపితే 162.5, దాన్ని 14.5తో గుణిస్తే సుమారు 2356 పౌండ్లు. ఆ తర్వాత ముందు చక్రాల డ్రైవ్ అయితే కొంచెం తగ్గింపు, టార్క్ మరీ ఎక్కువుంటే కొంచెం వడ్డింపు.

ఇందులో ఉన్న తిరకాసు ఆ పాతిక శాతమే. కొన్ని ఇంజిన్లు ఎంత పిండినా పదిహేను దాటవు, కొన్ని ఊరికే ముప్పై ఇస్తాయి. ముప్పై ఇచ్చే కారు ఎవరికి దొరికితే వాడు రాజు, మిగతావాళ్లు కమిటీకి ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి. మేం రాశాం కూడా. మీ కారు గెలుస్తుందని మేం హామీ ఇవ్వలేదు అని ఆ పుస్తకంలోనే రాసి పెట్టుకున్నారు, ఇంక ఏం మాట్లాడతాం. ఇంకో బాధ, లెక్క ప్రకారం వచ్చిన బరువుకి కొన్ని కార్లు అసలు దిగనే దిగవు. కేజ్ వేసి, డ్రైవర్ని కూర్చోబెట్టాక, తలుపులు తప్ప అన్నీ పీకినా ఇంకా వంద పౌండ్లు ఎక్కువే ఉంటాయి. అలాంటి కారు కొనుక్కున్నవాడి బాధ నీ బాధకి సరిగ్గా తిరగేసినది. నువ్వు ఇనుము కొనుక్కుంటే చాలు, వాడు ఏం కొన్నా బరువు తగ్గదు.

స్పెక్ మియాటాది కూడా ఈ దారే. అందరిదీ ఒకే బండి అనిపిస్తుంది గానీ 1990ల మొదట్లో వచ్చిన 1.6కి ఒక బరువు, తర్వాతి 1.8కి ఇంకోటి, 1999 తర్వాతి వాటికి బరువుతోపాటు గాలి అడ్డే రిస్ట్రిక్టర్ ప్లేటు కూడా. ఏ ఏడాది మోడల్ మిగతావాటిని మింగేస్తోందో చూసి పది పదిహేను పౌండ్లు అటూ ఇటూ జరుపుతూ ఉంటారు.

రెండో దారి నీది, నాసా ఎస్‌టీ. అక్కడ వాళ్లు నీకు బరువు చెప్పరు, నువ్వే వాళ్లకి చెప్తావు. ఫారంలో నా సగటు ఇంత దాటదు, నా బరువు ఇంతకి తగ్గదు అని నువ్వే రాసి సంతకం పెడతావు. ఎస్‌టీ3కి 10, ఎస్‌టీ4కి 12, ఎస్‌టీ5కి 14, ఆ గీత దాటకుండా ఏ కారైనా, ఏ ఇంజినైనా పెట్టుకో. అంటే నీ కనీస బరువు పుస్తకంలో లేదు, నీ ఫారంలో ఉంది. రేసయ్యాక కాటా మీద నీ కారుని పోల్చేది ఆ ఫారంతోనే.

నాకైతే రెండో దారే నచ్చింది. ఉత్తరాలు రాసే పని తప్పింది. కాకపోతే డైనో అనేది కూడా ఒక మనిషి నడిపే మిషనే, అది మర్చిపోవద్దు.

సత్తిబాబు_కోయంబత్తూరు:

పెద్దన్న గారూ, ఒక చిన్న డౌటు. బరువు ఎప్పుడూ డ్రైవర్‌తో కలిపే చూస్తారా? ఇక్కడ కార్టింగ్‌లో మాకు అంతే, రేసు అయిన వెంటనే కార్టుతో సహా కాటా ఎక్కాలి. సన్నగా ఉండే పిల్లలు సీటుకే సీసం ముక్కలు బిగించుకుంటారు. మా వాడొకడు 52 కిలోలు, వాడి సీటు వెనక చూస్తే చేపల వలకి కట్టే సీసం అంతా అక్కడే ఉన్నట్టుంటుంది.

పెద్దన్న_వర్జీనియా:

సత్తిబాబూ, క్లబ్ రేసుల్లో మనం మాట్లాడుకుంటున్న ఈ తరగతులన్నిట్లో డ్రైవర్‌తో కలిపే. లేకపోతే బక్కవాడికి పండగ. కలిపినా కూడా బక్కవాడికే మేలు, ఎందుకంటే లావుపాటి వాడి బరువు సీటు ఎత్తులో, ఒక పక్కనే ఉంటుంది, బక్కవాడు అదే బరువుని ఇనుములా ఫ్లోర్‌కి ఆనించి రెండో పక్క పెట్టుకుంటాడు. ఫార్ములా వన్‌లో ఇదే గొడవ, పొడుగు కుర్రాళ్లు తిండి మానేసి ఎండిపోతున్నారని 2019లో డ్రైవర్‌కీ సీటుకీ కలిపి కనీసం 80 కిలోలు ఉండాలని విడిగా రూలు పెట్టారు. తక్కువుంటే సీటు దగ్గరే బ్యాలస్ట్ (కావాలని కలిపే బరువు) పెట్టాలి, కారులో ఇంకెక్కడో కాదు. మన స్థాయిలో అంత దూరం ఎవరూ పోలేదు.

పులుసు_రేసింగ్:

ఇదంతా ఎందుకు, లెమన్స్‌కి రండి. 24 అవర్స్ ఆఫ్ లెమన్స్, 500 డాలర్ల కారు, కాటా లేదు, డైనో లేదు. జడ్జి చూసి కారు మరీ బాగుంది అనిపిస్తే పెనాల్టీ లాప్‌లు వేస్తాడు, లంచం ఇస్తే పుచ్చుకుంటాడు కూడా, అదంతా బాహాటమే. మా టీమ్ గోంగూర పచ్చడి సీసా ఇచ్చింది.

మియాటా_మావ:

ముందు ఏదో జోకేశాను గానీ అసలు చెప్పాల్సింది ఇది. నాకు పోయిన ఏడాది జరిగింది, సిగ్గు లేకుండా చెప్తున్నా, నువ్వైనా చేయకు.

నా కార్లో కూల్ షర్ట్ ఉంది. చొక్కా లోపల సన్న గొట్టాలుంటాయి, చల్లటి నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లకీ ఐసుకీ పాసింజర్ వైపు చిన్న కూలర్ పెట్టె. ఆగస్టులో కారు తూకం వేయించుకున్నప్పుడు ఆ పెట్టె నిండా ఐసూ నీళ్లూ ఉన్నాయి, సుమారు ఇరవై పౌండ్లు. ఆ అంకె చూసుకుని ప్లేట్లు సర్దుకుని, రాసిన బరువుకి పన్నెండు పౌండ్లు ఎక్కువున్నానని హాయిగా ఉన్నా. ఆ సీజన్ మొత్తం ఏ ఇబ్బందీ రాలేదు. మార్చిలో రేసు, పొద్దున్నే చలి, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, ఇంక ఐసు ఎవడికి కావాలి? పెట్టె ఖాళీగా పెట్టుకుని వెళ్లిపోయా. మూడో స్థానం వచ్చింది, జీవితంలో మొదటి పోడియం, మా ఆవిడ వీడియో కూడా తీసింది. కాటా మీద ఎక్కితే 8 పౌండ్లు తక్కువ.

కారు దిగకుండానే లెక్క అర్థమైపోయింది. పాసింజర్ వైపు చూశా, పెట్టె మూత తెరిచి ఉంది, లోపల అడుగున ఒక పాత రశీదు. అక్కడున్నాయన పాపం మంచాయన, ఇంకోసారి ఎక్కించి చూశాడు, రెండోసారీ అంతే. ఎనిమిది పౌండ్లంటే ఒక గ్యాలన్ పాల డబ్బా. దానికి పోడియం పోయింది. ఇప్పుడు ఐసు ఉన్నా లేకపోయినా సరిపోయేలా ఇంకో ప్లేటు బిగించి పెట్టాను, ఎండాకాలం ఇరవై పౌండ్లు ఊరికే మోస్తున్నా.

కాటా_బాబాయ్:

నేను రెండేళ్లుగా వారాంతాల్లో టెక్‌లో (కార్లు రూల్స్ ప్రకారం ఉన్నాయో లేదో తనిఖీ చేసే చోట) వాలంటీర్‌గా ఉంటున్నాను, కాటా దగ్గరే ఎక్కువ. మావ చెప్పినలాంటివి సీజన్‌కి రెండు మూడు చూస్తాను, ప్రతివాడూ అదేంటి, మా షాపులో సరిగ్గా ఉందే అంటాడు. షాపులో ఏముందో నాకు అనవసరం నాయనా. ట్రాక్ దగ్గర ఏ కాటా ఉందో అదే దేవుడు. శుక్రవారం ప్రాక్టీసు రోజు కాటా తీసే ఉంచుతారు, ఎవరైనా తూచుకోవచ్చు, అడిగితే ఊరికే చూపిస్తాం. వచ్చేవాళ్లు పదిమంది కూడా ఉండరు. ఆదివారం మాత్రం అందరూ లైన్లో ఉంటారు, మొహాలు వేలాడేసుకుని.

ఫ్రిస్కో తమ్ముడికి నేను అడిగేది ఒకటే: ఆ 2826 పావు ట్యాంకుతో అన్నావు, గేజ్ చూసి చెప్పావా, కొలిచి పోశావా? పెట్రోలు గ్యాలన్‌కి ఆరు పౌండ్ల పైచిలుకు. అరగంట రేసులో నీ ఇంజిను నాలుగైదు గ్యాలన్లు తాగుతుంది, అంటే పాతిక ముప్పై పౌండ్లు. ఆ లెక్క రేసు మొదట్లో కాదు, చివర్లో చూడాలి, ఎందుకంటే రేసు ముగింపు చెక్కర్డ్ ఫ్లాగ్ పడ్డాక ప్యాడక్‌కి (కార్లూ ట్రెయిలర్లూ నిలిపే చోటికి) పోకుండా నేరుగా కాటా మీదకే వస్తావు. దారిలో ఆగి నీళ్లు తాగినా, ఎవరైనా కిటికీలోంచి ఏదైనా అందించినా ఒప్పుకోం. పోనీ ట్యాంకు నిండా పోసుకుని బరువు సరిచేద్దామంటే మొదటి లాప్‌లో అనవసరంగా మోస్తావు, చివరి లాప్‌కి అది ఉండదు, బ్యాలన్సు లాప్ లాప్‌కీ మారుతుంది. బరువు కోసం పెట్రోలు మీద ఆధారపడే వాడికి బరువూ ఉండదు, పెట్రోలూ ఉండదు. మరీ అడుగంటా రాకు, ఈ36కి ట్యాంకులో పెట్రోలు తగ్గితే పొడుగు మలుపుల్లో ఇంజిను దగ్గుతుంది.

ఇక ప్లేట్ల సంగతి. జిమ్ ప్లేట్లు బిగించుకొచ్చిన వాళ్లని చూశాను. అవి పోత ఇనుము, గట్టి దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతాయి, మధ్యలో ఒకే కన్నం, ఒకే బోల్టు, తిరుగుతూ ఉంటాయి. స్టీల్ ప్లేటు కోయించుకో. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అర అంగుళం మందం ఉంటే ఒక్కోటి ఇరవై పౌండ్లు, మూడు పెడితే నీ లెక్క తీరిపోతుంది. పాసింజర్ సీటు ఉండే చోట, ఫ్లోర్‌కి ఆనించి, బోల్టులు కింద నుంచి పైకి ఆరపార వెయ్యి, కింద ఫ్లోర్ రేకుకి పెద్ద వాషర్ కూడా చాలదు, దానికంటే వెడల్పైన స్టీల్ ముక్క పెట్టు. ఆ రేకు నువ్వు తారు గీకేశాక ఎంత పల్చగా ఉందో నీకే తెలుసు. ముప్పై మైళ్ల స్పీడులో గోడకి తగిలితే ఆ ఇనుము నీ మోకాలి పక్క నుంచి వెళ్లకూడదు కదా. సంచుల్లో ఇసుకా, సీసం గుండ్లూ అసలు తేకు, టెక్‌లోనే ఆపేస్తాం. అమెరికాలో డ్రైవర్ ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి కుడి పక్క పెట్టిన ఇనుము వృథా ఏమీ పోదు, నాలుగు చక్రాల తూకం చూపించి సర్దుకుంటే కుడి మలుపుల్లోనూ ఎడమ మలుపుల్లోనూ కారు ఒకేలా తిరుగుతుంది. ఆ కోణంలో చూస్తే సుబ్బు చెప్పినంత నష్టం లేదు.

మార్జిన్ పది పౌండ్లకి తగ్గకు. నువ్వు ఇండియా వెళ్లి వచ్చాక నీ సొంత బరువు మళ్లీ చూసుకో, పెరిగితే నీ అదృష్టం.

క్రెసన్_సుబ్బు:

బాబాయ్ చెప్పాక నేను కొంచెం దిగుతున్నా. నాలుగు గుర్రాలు ట్యూన్‌లో తీసి, పైన ఒక్క ప్లేటు. రెండిటికీ నష్టం లేదు.

ఫ్రిస్కో_ఎం3:

అందరికీ చాలా థాంక్స్. ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నా, సారీ, ఆఫీసులో రిలీజ్ టెన్షన్.

సుబ్బు అన్న చెప్పినట్టు ముందు ట్యూన్‌కే వెళ్లా. నెత్తి కోసే పని కాకుండా పై ఆర్‌పీఎంలలో ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కొంచెం తగ్గించాడు, మూడు సార్లు లాగితే సగటు 200, 201, 201. ఎక్కువొచ్చినదే పెట్టుకున్నా. 201ని 14తో గుణిస్తే 2814. నా 2826కి పన్నెండు మార్జిన్, ఇంక ఇనుము వద్దు అనుకున్నా. ఫారంలో 2814 రాసి సంతకం పెట్టేశా. నిజం చెప్పాలంటే ఆ తారు మీద కోపంతోనే ప్లేటు పెట్టలేదు.

శుక్రవారం ప్రాక్టీసు అయ్యాక బాబాయ్ మాట గుర్తొచ్చి కాటా దగ్గరికి వెళ్లా. నిజంగానే నా ముందు ఒకే ఒక కారు. 2811.

మూడు తక్కువ. షాపులో నేను పావు ట్యాంకు అన్నది గేజ్ చూసే, ప్రాక్టీసు చివరికి ట్యాంకులో అంత లేదు. ప్యాడక్‌లో పక్క ట్రెయిలర్ ఆయన దగ్గర ఇరవై పౌండ్ల ప్లేటు ఒకటి మిగిలి ఉంటే అడిగి తీసుకుని, ఆయన డ్రిల్‌తోనే కన్నాలు పెట్టి, రాత్రి ఎనిమిదింటికి హెడ్‌ల్యాంపు వెలుగులో బిగించాం. శని, ఆది రెండు రోజులూ 2830 చుట్టూ చూపించింది. ఎస్‌టీ5లో పదకొండు మందిలో ఏడో స్థానం. కారు కింద పడుకుని కన్నం పెట్టేప్పుడు చూస్తే డ్రిల్ సరిగ్గా తారు గీకిన చోటే దిగింది.

కాటా_బాబాయ్:

శుభం. ఆ ప్లేటు నట్లు ఒక రేసు అయ్యాక మళ్లీ బిగించు, కొత్త రంగు నలిగి అవి వదులవుతాయి. పక్క ట్రెయిలర్ ఆయన ప్లేటు తిరిగిచ్చెయ్యి, ఆయనకి వచ్చే నెల కావాలట, నన్ను అడుగుతున్నాడు.